కస్తూరి లేని కస్తూరి అత్తరు

అత్తరు అంటే ఆల్కహాల్ కలవని పరిమళ తైలం. పూల ఆవిరిని మంచి గంధపు నూనెలోకి పట్టించడం దాని సంప్రదాయ పద్ధతి. ఈ పనికి దేశంలో పేరుపడ్డ ఊరు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. ఏడో శతాబ్దంలో అది హర్షవర్ధనుడి రాజధాని. ఇప్పుడు అక్కడి పరిమళాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అత్తర్లలో ఖరీదైన రకం ఒకటుంది: పైన గులాబీ, మల్లె, మొగలి లాంటి పువ్వు, అడుగున కస్తూరి, ఊద్ (అగరు). పువ్వు గంటల్లో తేలిపోతుంది, అడుగు వాసన మర్నాటి దాకా బట్టను వదలదు. హైదరాబాదులో చార్మినారు చుట్టుపక్కల దుకాణాల్లో తులం, అరతులం లెక్కన అమ్మే ఈ రకం సీసాల మీద 'సహజం' అన్న మాట తరచు కనబడుతుంది.

ఆ మాట ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడి వాదం. ఒకవైపు పాతబస్తీలో తాతల నాటి దుకాణం నడిపే అత్తరు వ్యాపారి, మరోవైపు కర్బన రసాయన శాస్త్రం బోధించే అధ్యాపకురాలు. అత్తరు అనేది పనితనం, దాన్ని పరీక్షనాళికలో వెతకకూడదని ఆయన పక్షం. సీసాలో ఏముందో చెప్పలేనివాడు అది సహజమని చెప్పకూడదని ఆవిడ పక్షం.

వ్యాపారి: ముందు డేగ్ సంగతి వినండి మేడమ్, మీ ఫార్ములాలు తర్వాత. డేగ్ అంటే పెద్ద రాగి కాగు. అందులో పూలు, నీళ్ళు వేసి మూత పెడతారు. మట్టీ దూదీ కలిపిన ముద్దతో అంచులు మెత్తుతారు. మూత నుంచి వెదురు గొట్టం, దాన్ని చోంగా అంటారు, పైన తాడు చుట్టి ఉంటుంది. దాని కొస భప్కాలో దిగుతుంది. అదీ రాగిదే, నీళ్ళ తొట్టిలో కూర్చోబెడతారు. భప్కాలో గంధపు నూనె ముందే పోసి ఉంచుతారు. కింద కట్టెల మంట. ఆవిరి వచ్చి నూనెలో చేరుతుంది. గడియారం లేదు, మీటరు లేదు. పనివాడు భప్కా మీద చెయ్యి పెట్టి చూసి మంట తగ్గించాలో పెంచాలో చెప్తాడు. ఒక్క రోజుతో అయ్యేది కాదు. అదే నూనె మీదికి రోజూ కొత్త పూలు, అలా ఎన్నో రోజులు.

అధ్యాపకురాలు: అందులో తప్పు పట్టేదేమీ లేదు సాబ్. తెలివైన పద్ధతే. గులాబీ వాసనలో పెద్ద వాటా ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌ది. అది కొంతవరకు నీళ్ళలో కరుగుతుంది. మామూలు స్వేదనంలో నూనెను వేరుచేసినప్పుడు దానిలో చాలా భాగం పన్నీటితో వెళ్ళిపోతుంది. మీ భప్కాలో నీళ్ళూ గంధపు నూనే ఒకే పాత్రలో ఉంటాయి, పైగా ఆ నీటిని వంచి మళ్ళీ డేగ్‌లోనే పోస్తారు. పోవాల్సినదాంట్లో కొంత నూనెకు దక్కుతుంది. పుస్తకం చదవకుండానే ఎవరో కనిపెట్టారు. నా తగువు డేగ్‌తో కాదు, డేగ్ పేరు చెప్పి అమ్మే సీసాతో.

గంధపు నూనె లేకుండా పువ్వు నూనెను మాత్రమే తీస్తే దాన్ని రూహ్ అంటారు. రూహ్ గులాబ్ ధర కిలోకు లక్షల్లో పలకడానికి కారణం లెక్కలోనే ఉంది: ఒక కిలో గులాబీ నూనెకు మూడు నుంచి అయిదు టన్నుల పూలు కావాలి, అదీ తెల్లవారుజామున కోసి, ఎండ ముదరకముందే కాగులో వేస్తే. వాడేది డమాస్కస్ గులాబీ. పూలదండల్లో కనిపించే హైబ్రిడ్ గులాబీకి ఆ నూనె ఉండదు. మొగలిది వేరే దారి. దేశంలో మొగలి పరిమళానికి కేంద్రం ఒడిశాలోని గంజాం జిల్లా, అంటే శ్రీకాకుళం సరిహద్దు దాటితే వచ్చే తీరం. వాసన ఉండేది మగ చెట్టు పూతకే. ఆ పూతలోని నూనెలో సగానికి పైగా ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒక్క పదార్థమే ఉండటంతో మొగలికి నకిలీ తయారుచేయడం సులువు. గులాబీ అంత తేలిగ్గా లొంగదు. అందులోని పదార్థాలు వందల్లో ఉంటాయి, వాటిలో డమాసెనోన్ లాంటివి లేశమాత్రంగా ఉండి కూడా వాసనను శాసిస్తాయి.

మల్లె దగ్గర ఇద్దరికీ మొదటి గట్టి పేచీ వచ్చింది.

అధ్యాపకురాలు: మల్లె, జాజి వేడికి ఓర్చవు. కోసిన తర్వాత కూడా గంటల తరబడి వాసన పుట్టిస్తూనే ఉండే పూలవి. అందుకే ఫ్రాన్సులోని గ్రాస్‌లో పూర్వం చల్లని కొవ్వు మీద జాజులు పరిచి, పాతవి ఏరేసి కొత్తవి పరుస్తూ, వాసనను కొవ్వుకు పట్టించేవారు. ఇప్పుడు తమిళనాడులోని కర్మాగారాల్లో హెక్సేన్ లాంటి ద్రావణితో తీస్తారు. దాన్నుంచి మైనం ముద్ద, ఆ ముద్దను ఆల్కహాల్‌తో కడిగితే చివరికి అబ్సల్యూట్. సీసా మీద 'సహజ మల్లె' అని రాసినప్పుడు అది చాలాసార్లు పెట్రోలియం ద్రావణి గుండా వచ్చిన మల్లె.

వ్యాపారి: కన్నౌజ్‌లో బేలా అత్తరు డేగ్‌లోనే తీస్తారు. బేలా అంటే మన మల్లెపువ్వే కదా.

అధ్యాపకురాలు: తీస్తారు. కానీ అది సాయంత్రం పందిరి కింద వచ్చే మల్లె వాసన కాదు. ఉడికిన మల్లె వాసన.

వ్యాపారి: ఆ ఉడికిన వాసనే మా గిరాకీలకు కావాలి. పందిరి మల్లె కావాలంటే మూర పూలు కొనుక్కుంటారు, నా దగ్గరికెందుకు?

ఈ జవాబు తీసిపారేయదగ్గది కాదు. అత్తరును పువ్వుకు నకలుగా చూస్తే అది ఎప్పుడూ ఓడిపోతుంది. వండిన పదార్థంగా చూస్తే దానికి తన రుచి తనకుంది. యూరోపు పరిమళకారులు పువ్వుకు నకలు తీయాలని బయల్దేరి మరోవైపు వెళ్ళారు. జాజి అబ్సల్యూట్‌ను విశ్లేషిస్తూ ఫిర్మెనిష్ సంస్థ రసాయనవేత్తలు హెడియోన్ అనే పదార్థాన్ని కనిపెట్టారు. 1966లో ఎడ్మండ్ రుద్నిత్‌స్కా దాన్ని డియోర్ వారి ఓ సొవాజ్‌లో వాడాక పూల పరిమళాల తీరే మారిపోయింది. సెంటులో దాన్ని గరిటెలతో పోస్తారు.

పువ్వుల మీద వాదం తరతమాల వాదం. కస్తూరి దగ్గరికి వస్తే అది తప్పొప్పుల వాదమవుతుంది.

కస్తూరి మృగం హిమాలయాల్లో, ఇంకా ఉత్తరాన మధ్య ఆసియా, సైబీరియా కొండల్లో తిరిగే చిన్న జంతువు. కొమ్ములుండవు, మగదానికి పైదవడ నుంచి కోరలు బయటికి దిగి ఉంటాయి. అసలు జింకల కుటుంబమే కాదు, వేరే కుటుంబం. కస్తూరి నాభిలో ఉంటుందని లోకం మాట. నిజానికి అది మగ మృగానికి బొడ్డుకూ జననాంగానికీ నడుమ ఉండే గ్రంథిలో ఊరుతుంది. ఒక గ్రంథి నుంచి దక్కేది సుమారు పాతిక గ్రాములు. కిలో కావాలంటే నలభై మగ మృగాలు. ఉచ్చుకు ఆడా మగా పిల్లా తేడా తెలియదు కనుక చచ్చేవాటి సంఖ్య అంతకు చాలా ఎక్కువ. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ మృగం మొదటి షెడ్యూలులో ఉంది. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటీస్‌లో భారత్, నేపాల్, భూటాన్ లాంటి దేశాల కస్తూరి మృగాలు అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్నాయి.

అధ్యాపకురాలు: కాబట్టి సాబ్, మీ అలమారలో 'కస్తూరి' అని రాసిన సీసాలో నిజంగా కస్తూరి ఉంటే అది నేరం. లేకపోతే ఆ రాత అబద్ధం. రెంటిలో ఏది?

వ్యాపారి: తొందరపడకండి. మా తాత కాలంలో కస్తూరి గుళికలు తూచి అమ్మేవాళ్ళు. ఇప్పుడు ఎవరైనా తెచ్చి చూపించినా ముట్టుకోను. మా దగ్గర ముష్క్ అంటే ఒక వాసన పేరు. కొనేవాడికీ ఆ సంగతి తెలుసు. పైగా చెట్టు కస్తూరి కూడా ఉంది కదా.

అధ్యాపకురాలు: ఉంది. కస్తూరి బెండ గింజలు. బెండ జాతి మొక్కే. గింజ నూనెలో ఆంబ్రెటోలైడ్ ఉంటుంది, అది నిజంగా కస్తూరి తరహా వాసనే. కానీ ఆ నూనె ధర మీకు నాకన్నా బాగా తెలుసు. ఈ తులం సీసా వెలకు అది రాదు.

వ్యాపారి దీనికి జవాబివ్వలేదు. ఇవ్వడానికి లేదు కూడా. మార్కెట్లో కస్తూరి పేరుతో దొరికేదంతా, లెక్కపెట్టదగ్గ మినహాయింపు లేకుండా, ప్రయోగశాలలో పుట్టిందే. ఆ పుట్టుక కథ మొదలైంది పేలుడు మందుతో. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ రసాయనవేత్త టీఎన్‌టీ వర్గపు పదార్థాల మీద పనిచేస్తుండగా ఒకదానికి కస్తూరి వాసన వచ్చింది. ఆ తర్వాత వచ్చిన నైట్రో మస్క్‌లు చవకగా దొరికి దశాబ్దాల పాటు సబ్బుల నుంచి సెంట్ల దాకా అన్నింట్లో చేరాయి. మస్క్ ఆంబ్రెట్ నరాలకు హాని చేస్తుందని, ఎండ తగిలిన చర్మాన్ని కమలజేస్తుందని తేలి పక్కకు పోయింది. మస్క్ జైలీన్ ప్రకృతిలో విరగక, జీవుల్లో పేరుకుంటుందని తేలడంతో యూరోపు దాన్ని వదిలించుకుంది. 1960ల్లో వచ్చిన గెలాక్సోలైడ్ బట్టల సబ్బుపొడుల నిండా చేరింది. నదుల్లో, చేపల్లో, తల్లిపాలలో కూడా దాని జాడ దొరికింది.

అసలు కస్తూరిలో వాసనకు మూలం మస్కోన్. 1906లో వాల్‌బౌమ్ దాన్ని విడిగా రాబట్టాడు. దాని నిర్మాణం తేల్చడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది, ఎందుకంటే అంత పెద్ద కర్బన వలయం నిలుస్తుందని అప్పటి రసాయనవేత్తలు నమ్మలేదు. లియోపోల్డ్ రుజిచ్కా 1926లో అది పదిహేను కర్బనాల వలయమని చూపాడు. పునుగుపిల్లి నుంచి వచ్చే సివెటోన్‌ది పదిహేడు కర్బనాల వలయమనీ ఆయనే చెప్పాడు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకు పూసే పునుగు తైలం పరిమళం ఈ రెండో వలయానిదే. రుజిచ్కాకు 1939లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నేటి మంచి పరిమళ తైలాల్లో వాడేవి ఈ పెద్ద వలయాల వంశమే, నైట్రో మస్క్‌లలా కాక ప్రకృతిలో తేలిగ్గా విరిగేవి. వాటిలో బాగా వాడుకలో ఉన్న ఇథిలీన్ బ్రాసిలేట్‌కు ముడిసరుకు ఆవనూనె జాతి నూనెల్లో ఉండే ఎరూసిక్ ఆమ్లం.

వ్యాపారి: అంటే ఆవాల నుంచి కస్తూరి. మీరే చెప్తున్నారు, చెట్టు నుంచి వచ్చిందని. మరి సహజమేగా!

అధ్యాపకురాలు: ముడిసరుకు సహజం, కస్తూరి కాదు. నేను దాన్ని తిట్టడం లేదు. కస్తూరి విషయంలో కృత్రిమమే మంచిది, మృగం బతుకుతుంది. మంచి పని చేసి దాన్ని దాచిపెట్టడమెందుకన్నదే నా ప్రశ్న.

వ్యాపారి: ఒక మాట చెప్తాను. ఒకే ముష్క్ సీసా ఇద్దరికి చూపిస్తే ఒకాయన వాహ్వా అంటాడు, ఇంకొకాయన 'ఇందులో ఏం వాసన లేదే' అని వాపసు ఇస్తాడు. దీనికి మీ శాస్త్రంలో ఏముంది?

అధ్యాపకురాలు: ఉంది. కొందరి ముక్కుకు కొన్ని మస్క్‌లు అందవు. మిగతా వాసనలన్నీ తెలుస్తాయి, అది మాత్రం తెలియదు. అందుకే పరిమళకారులు ఒకే మస్క్ వాడరు, రెండు మూడు కలుపుతారు, ఏదో ఒకటి తగులుతుందని.

కస్తూరి మోజు తెలుగునేలకు కొత్త కాదు. కొండవీటి రెడ్డిరాజు కుమారగిరి వసంతోత్సవాల వల్ల కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. ఆయనకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయ సెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. ఆ కాలపు వర్తకులు ఓడల మీద తెప్పించింది అసలు సరుకే. దాని వెనక ఎన్ని మృగాలు పోయాయో లెక్క కట్టినవారు లేరు.

ఊద్ దగ్గర వ్యాపారి గొంతులో బలం తిరిగి వచ్చింది.

వ్యాపారి: ఊద్ నకిలీ అంటే ఒప్పుకోను. అస్సాం నుంచి చెక్క వస్తుంది, నూనె వస్తుంది. హోజాయ్ వెళ్ళి చూడండి, ఊరంతా అదే వ్యాపారం. గల్ఫ్‌లో పెద్ద పేరున్న అజ్మల్ వాళ్ళు అక్కడివాళ్ళే. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి దుబాయి పోయినవాళ్ళు ఊద్ సీసా తెచ్చుకుంటారు కదా, అస్సాం సరుకే తిరిగి మన దగ్గరికి వచ్చినా వచ్చినట్టే.

ఊద్ పుట్టుక విచిత్రమైనది. అక్విలేరియా అనే చెట్టు కలప తెల్లగా, తేలిగ్గా, వాసన లేకుండా ఉంటుంది. తొలిచే పురుగు కాండంలోకి దారి చేస్తుంది, ఆ దారిన శిలీంధ్రం చేరుతుంది, చెట్టు తనను కాపాడుకోవడానికి చేవలో నల్లటి జిగురు నింపుకుంటుంది. ఆ రోగం పట్టిన చేవే అగరు. జిగురు దట్టంగా పట్టిన ముక్క నీళ్ళలో మునిగిపోతుంది, పట్టని ముక్క తేలుతుంది. వ్యాపారులకు అదే మొదటి పరీక్ష. చెక్కను పొడిచేసి, రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, ఆ తర్వాత కాస్తారు. నానినప్పుడు పులుస్తుంది కాబట్టి అస్సాం ఊద్‌కు గొడ్లసావిడి వాసన లాంటి ఘాటు వస్తుంది. అలవాటు లేనివారు మూతి తిప్పుకునేది దానికే, ప్రాణం పెట్టేవారు పెట్టేదీ దానికే. 2002లో ఈవ్ సాంలొరాం విడుదల చేసిన ఎం7తో పాశ్చాత్య సెంట్లలో ఊద్ మోజు మొదలైంది, కానీ ఆ సెంట్లలో ఈ సావిడి ఘాటు చాలావరకు కనబడదు.

అధ్యాపకురాలు: చెట్టు ఉంది, ఊద్ ఉంది, కాదనను. అడవిలోని చెట్టు మాత్రం అయిపోతోంది. అస్సాం జాతి అక్విలేరియా మలక్కెన్సిస్‌ను 1995లోనే సైటీస్ రెండో అనుబంధంలో చేర్చారు, తర్వాత మొత్తం అక్విలేరియా జాతులన్నింటినీ చేర్చారు. తీవ్ర ప్రమాదంలో ఉన్న చెట్ల జాబితాలోనూ ఉంది. ఎగువ అస్సాంలో ఇళ్ళ పెరళ్ళలో పెంచుతున్నారు, అది మంచిదే. కానీ నాటినంత మాత్రాన వాసన రాదు. కాండానికి రంధ్రాలు చేసి శిలీంధ్రం ఎక్కించి, ఏళ్ళు ఆగాలి. ఆ నూనెను మీరు ఈ పూల అత్తరులో ఎన్ని చుక్కలు వేయగలరు?

వ్యాపారి: చుక్కలే వేస్తాం. ఊద్ ఎక్కువైతే గులాబీ ఊపిరాడక చస్తుంది. తక్కువ వేయడం మోసం కాదు, తూకం.

ఈ జవాబూ నిజమే. ఊద్‌లో వాసన మోసే సెస్క్విటెర్పీన్లు, క్రోమోన్లు బరువైన అణువులు, నెమ్మదిగా ఆవిరవుతాయి. పువ్వు అణువులు చాలావరకు తేలికవి, ముందు ఎగిరిపోయేవి. పరిమళకారుడు ఊద్, చందనం, మస్క్ కలిపేది వాటి వాసన కోసమే కాదు, పువ్వును కొంతసేపు పట్టి ఉంచడానికి కూడా. ఆల్కహాల్ లేదు కాబట్టి అత్తరు గుప్పున లేవదు, పూసిన చోటే ఉండి పక్కన కూర్చున్నవారికి మాత్రమే అందుతుంది.

అసలు మోసం ఎక్కడుందో చూపించింది పువ్వూ కాదు, కస్తూరీ కాదు, వాటిని మోసే నూనె. మైసూరు ప్రాంతంలో 1792లో టిప్పు సుల్తాను గంధపు చెట్టును రాజవృక్షంగా ప్రకటించినప్పటి నుంచీ చాలాకాలం అది ప్రభుత్వ సొత్తుగా ఉండేది. సొంత భూమిలో మొలిచినా యజమానికి హక్కు లేకపోవడంతో రైతులు నాటలేదు, దొంగలు నరికారు. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టం సడలించేసరికి నూనె ధర కిలోకు లక్ష దాటే దారి పట్టింది. కన్నౌజ్ భట్టీల్లో చాలా చోట్ల భప్కాలోకి గంధపు నూనెకు బదులు లిక్విడ్ పారఫిన్, డీఓపీ వచ్చాయి.

అధ్యాపకురాలు: డీఓపీ దేనికి వాడతారో తెలుసా సాబ్? ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి. హార్మోన్ల వ్యవస్థను దెబ్బతీసే థాలేట్ల కుటుంబం అది. యూరోపులో సౌందర్య సాధనాల్లో నిషేధం. పువ్వు నిజం, డేగ్ నిజం, చెయ్యి పెట్టి మంట చూసిన పనివాడూ నిజం. అంతా కలిసి చేరింది ప్లాస్టిక్ మెత్తదనపు ద్రవంలో. దాన్ని మెడ మీద, మణికట్టు మీద పూస్తారు.

వ్యాపారి: అందరూ అలా చెయ్యరు. గంధం మీద తీసిన సరుకు నా దగ్గర వేరే అలమారలో ఉంటుంది, ధర చూసి సగంమంది వెనక్కి పోతారు. చవకది అడిగేది మీరే, చవక ఎందుకైందని అడిగేదీ మీరే.

అధ్యాపకురాలు: సరే, ఆ వేరే అలమార సరుకులో గంధమే ఉందని ఎలా నమ్మాలి?

వ్యాపారి: ముక్కుతో. ముప్ఫై ఏళ్ళ ముక్కు.

ముక్కు తక్కువదేమీ కాదు గానీ దానికి హద్దుంది. కాగితం మీద చుక్క వేసి మరక చూడటం, నీళ్ళలో వేసి చూడటం లాంటి బజారు పరీక్షలు గంధపు నూనెకూ పారఫిన్‌కూ తేడా చెప్పలేవు. గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో అయితే థాలేటు తన శిఖరం తాను చూపుతుంది, అసలు గంధం శాంటలాల్‌ల పాళ్ళతో దొరికిపోతుంది. గులాబీ సిట్రొనెలాల్ ప్రకృతిలో ఒకే చేతివాటం అణువుగా ఉంటుంది, కర్మాగారంలో చేసిన మామూలు సరుకులో కుడి, ఎడమ రెండూ కలిసి ఉంటాయి. అన్నింటికీ మించి కార్బన్ 14 ఉంది. నిన్నమొన్న బతికిన మొక్కలో అది ఉంటుంది, కోట్ల ఏళ్ళ నాటి పెట్రోలియంలో ఉండదు. ఇథిలీన్ బ్రాసిలేట్ లాంటి ఆవాల కస్తూరి మాత్రం ఈ పరీక్షలో చాలావరకు మొక్కగానే తేలుతుంది, వ్యాపారి అన్నట్టుగానే.

వ్యాపారి: అయితే కృత్రిమం విషం, సహజం అమృతం అని మీరు కూడా అనరన్నమాట.

అధ్యాపకురాలు: ఎందుకంటాను? గులాబీ నూనెలోనే మిథైల్ యూజినాల్ ఉంది. కాన్సరు అనుమానం ఉన్నందువల్ల పరిమళ పరిశ్రమ సంఘం ఐఫ్రా దానికి పరిమితి పెట్టింది. జెరానియాల్, సిట్రొనెలాల్, లినలూల్ కొందరికి చర్మం మీద దద్దురు తెస్తాయి. ఇవన్నీ పూలలోనివే. 2003లో యూరోపు ఇలాంటి 26 పదార్థాలు పాళ్ళు మించితే లేబుల్ మీద పేరుపేరునా రాయాలంది, 2023లో ఆ జాబితాను ఎనభై దాటించింది. మణికట్టు లోపలి వైపు ఒక్క చుక్క వేసి ఒక రోజు ఆగి చూడమని మీరు చెప్తే చాలు, సగం ఇబ్బంది తప్పుతుంది.

వ్యాపారి: అది మేమూ చెప్తాం. తెల్లబట్ట మీద వేయొద్దనీ, ఎండలో పెట్టొద్దనీ చెప్తాం. లేబుల్ సంగతి చెప్పండి, ఏం రాయమంటారు?

అధ్యాపకురాలు: గులాబీ, మొగలి: డేగ్‌లో తీసినవి. మల్లె: ద్రావణితో తీసినది. నూనె: చందనం. ఊద్: అస్సాం, పెంచిన చెట్టు. కస్తూరి పరిమళం: జంతువు నుంచి తీసినది కాదు.

వ్యాపారి: చివరిది రాస్తాను. నూనె పేరు కూడా రాస్తాను, నాకు లాభమే. పువ్వు పాళ్ళు, మల్లె ఎలా తీశారన్నది మాత్రం రాయను. అవి రాస్తే పక్క దుకాణంవాడు రేపే నా అత్తరు చేస్తాడు.

ఆయన కోరిన మినహాయింపు కొత్తదేమీ కాదు. యూరోపు నియమాల్లో కూడా దద్దురు తెచ్చే పదార్థాల పేర్లు తప్పనిసరి అయినా, మిగతా సుగంధ మిశ్రమమంతా 'పర్ఫ్యూమ్' అన్న ఒక్క మాట వెనక ఉండవచ్చు.